ఉప్పు తక్కువ

రియోని నదికి ఇవతల, మే నెల మొదటి వారం.
కంచె మీదికి ఒరిగిన త్కెమాలి చెట్టు
సగం మాదే. తక్కిన సగం ఎవరిదో తేలలేదు.
వేళ్ళు మా పెరట్లో,
కొమ్మలు జుజునా వాళ్ళ కోళ్ళగూటి మీద.

నాలుగేళ్ళుగా రెండిళ్ళకూ మాటల్లేవట.
నేను కుతాయిసి నుంచి కోడలిగా వచ్చేనాటికే
తగువు ముదిరి, ఎండి, చెక్క కట్టేసింది.
ఎందుకొచ్చిందని అడిగితే మా అత్త గులికో
"కాయలు గట్టిగా ఉన్నప్పుడే కోసెయ్యాలి" అంటుంది.

రాత్రంతా గూటి రేకు మీద టపటపా రాలతాయి.
అవతలి వాళ్ళు ఏరుకోరు.
అంత పులుపు కోళ్ళకీ పట్టదు.
అక్కడే మెత్తబడి, అక్కడే ఈగలకి.

పొద్దున్నే బుట్ట తీసుకుని నిచ్చెనెక్కాను.
ఒకటి కొరికానో లేదో
కుడికన్ను దానంతటదే మూసుకుంది,
చెవి వెనక నరం జివ్వుమంది.
"చాలు, దిగు" అంది అత్త కిందనుంచి
కాయని కాదు, నా ముఖాన్ని చూసి.

రాసుకుందామని పుస్తకం తెచ్చుకున్నాను.
నీళ్ళెన్ని?
కాయలకి మోకాళ్ళ దాకా.
ఎంతసేపు?
తొక్క చిట్లి, పచ్చదనం అలిగేదాకా.
ఉప్పు?
జవాబు లేదు. గుప్పిట తెరిచి మూసింది.
"గుప్పిట" అని రాశాను.
ఎవరి గుప్పిటో రాయలేదు.

ఉడికినవాటిని జల్లెడలో వేసి అరచేత్తో రుద్దుతుంటే
గింజలు పైన, గుజ్జు కింద,
మధ్యలో నా గోళ్ళ సందుల్లో మంట.
రోట్లో వెల్లుల్లి, పచ్చిమిర్చి,
వేళ్ళతో సహా కొత్తిమీర, గుప్పెడు సోయకూర.
పొయ్యి మీద మట్టి మూకుళ్ళలో మొక్కజొన్న రొట్టెలు.
చేతికి బెజాన్ పాత మేజోడు తొడుక్కుని కోసిన దురదగొండాకు
నిరుటి అక్రోటు ముద్దతో కలిసి
ఏ పాపం ఎరగనట్టు పళ్ళెంలో కూర్చుంది.

అంతా ఉంది, ఒక్క ఓంబలో లేదు.
తడి నేలన పాకే ఆ పుదీనా
జుజునా కాలవ గట్టునే బతుకుతుంది.
మా వైపు ఎండెక్కువ, నాటిన ప్రతిసారీ మాడింది.
నాలుగేళ్ళుగా మా పచ్చడి అది లేకుండానే.
ఏటా బెజాన్ నాకి, అమ్మ ముఖం చూసి,
"బాగుంది" అంటాడు. అంతే అంటాడు.

అత్త కునుకు తీస్తుండగా కంచె దగ్గరికి వెళ్ళాను.
పళ్ళూడిన తెక్లా, ఏడేళ్ళది, గట్టు మీద కప్పని తరుముతోంది.
"కాస్త తెంపిస్తావా?"
"దేనికి?"
"పచ్చడికి."
"మా బామ్మకి చెప్పనా?"
నేను ఆలోచించేలోపు చేతినిండా కోసిచ్చేసింది,
మట్టితో, ఒక చిన్న నత్తతో సహా.

ఎక్కడిదని అత్త అడగలేదు.
ఒకసారి కడిగింది. మళ్ళీ కడిగింది.
మూడోసారి కడగబోయి ముక్కు దగ్గర పెట్టుకుని
అలాగే ఉండిపోయింది, పొయ్యి మీద గుజ్జు అడుగంటబోతున్నా.

ఏడు సీసాలు నిండాయి.
ఆరింటిని అరలో పెట్టింది.
ఏడోది అంచుదాకా పోసి, మూత బిగించి,
"ఆ పిల్లకి" అంది గోడతో చెప్పినట్టు.
సీసా కంచె గుంజ మీద పెట్టొచ్చాను.

తొక్కతో ఉడికించిన కొత్త బంగాళాదుంపలు,
పొద్దుటి జున్ను, వేడి రొట్టె.
దుంప విరిచి పచ్చట్లో ముంచిన బెజాన్
ఏమీ అనలేదు. ఇంకోటి విరిచాడు.

అప్పుడొచ్చింది తెక్లా, వగరుస్తూ,
ఖాళీ సీసాతో.
కడిగిందే, అడుగున ఇంకా నీటి చుక్క.
"బామ్మ చెప్పమంది" అని ఊపిరి పీల్చుకుని,
"ఉప్పు తక్కువట."

చెంచా కింద పెట్టింది అత్త.
"నాలుగేళ్ళలో నాలిక మొద్దుబారిందా అని అడుగు,"
"ఒక్క పూటలో సీసా ఎలా ఖాళీ అయిందో కూడా అడుగు!"
పిల్ల ఆ రెండు ప్రశ్నలూ మోసుకుంటూ
చీకట్లో పరుగు తీసింది.

అవతల తలుపు మూసుకున్న చప్పుడు రాలేదు.

పళ్ళేలు తీస్తూ వెనక్కి తిరిగి చూశాను.
ఎవరూ చూడటం లేదనుకుని
అడుగున మిగిలిన పచ్చట్లో వేలు ముంచి నాకి,
కాసేపు ఆగి,
ఇంకొక చిటికెడు వేసింది.